సేఫ్ డేస్ లెక్క ఎలా వేసుకోవాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి

నెలసరి అయిపోయిన వారం లోపు కలిస్తే గర్భం రాదు, మళ్లీ డేట్‌కి వారం ముందు కలిసినా రాదు అని చాలామంది మహా ధీమాగా చెప్తుంటారు, ఆ రోజుల్నే సేఫ్ డేస్ అంటారు. కొంతమందికి ఆ లెక్క ఏళ్ల తరబడి సరిపోతుంది కూడా. ఏదో ఒక నెల సరిపోదు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఈ లెక్కలో అసలు చిక్కేంటంటే, అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియాలంటే రాబోయే పీరియడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, ఆ పీరియడేమో ఇంకా రాలేదు. అందుకని లెక్క మాత్రం తప్పకుండా నేర్చుకోండి, మీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది, ఏదైనా తేడా వస్తే త్వరగా పట్టుకోగలుగుతారు. కానీ ఆ లెక్క చూసుకుని కండోమ్ పక్కన పెట్టేయొచ్చా అన్నది వేరే ప్రశ్న. మగవాళ్లు కూడా చివరిదాకా చదవండి, సగం పని మీదే.

ముందు డేట్లు రాసుకోండి

ఫోన్‌లో ఉన్న మామూలు క్యాలెండర్ చాలు. రక్తస్రావం సరిగ్గా మొదలైన రోజు ఒకటో రోజు. దానికి ముందు రోజు కనిపించే చిన్న మరకని లెక్కలోకి తీసుకోవద్దు. చాలామంది పీరియడ్స్ ఆగిపోయిన రోజు నుంచి లెక్కపెట్టడం మొదలుపెడతారు, అక్కడే నాలుగైదు రోజుల తేడా వచ్చేస్తుంది, ఇక మిగతా లెక్కంతా తప్పే. ఒకటో రోజు నుంచి తర్వాతి పీరియడ్ మొదలయ్యే ముందు రోజు వరకు ఎన్ని రోజులో అదే మీ సైకిల్. 28 రోజులన్నది సగటు మాత్రమే, పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఏదైనా మామూలే. పీరియడ్స్ మొదలైన కొత్తలో ఉన్న అమ్మాయిలకు 45 రోజుల దాకా కూడా సాగుతుంది.

కనీసం ఆరు నెలలు రాయండి. ఒక్క నెల, రెండు నెలలు చూసి "నాది కరెక్ట్‌గా 28" అనుకోవద్దు. ఆరు నెలలు రాశాక చూస్తే చాలామందికి మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం దాకా తేడా కనిపిస్తుంది. దీన్నే అంతకుముందు రెగ్యులర్ అనుకుని ఉంటారు.

అండం రోజు ఎలా పట్టుకోవాలి

అండాశయం నుంచి అండం విడుదలయ్యాక తర్వాతి పీరియడ్‌కి సుమారు 14 రోజులు పడుతుంది, కొందరికి 12, కొందరికి 16, అరుదుగా పదే. ఒక మనిషిలో ఈ రెండో సగం పెద్దగా మారదు. మారేది మొదటి సగం, అంటే పీరియడ్ మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యే దాకా పట్టే కాలం. కాబట్టి 28 రోజుల సైకిల్‌లో అండం 14వ రోజు ప్రాంతంలో వస్తుంది, 35 రోజులవాళ్లకు 21వ రోజు ప్రాంతంలో, 22 రోజులవాళ్లకు ఎనిమిదో రోజుకే వచ్చేస్తుంది. "మధ్య రోజుల్లో" అని అందరూ అనే మాట 28 రోజులవాళ్లకే సరిపోతుంది.

బయటికొచ్చిన అండం బతికేది 12 నుంచి 24 గంటలు, అంతే. వీర్యకణాలు మాత్రం ఆడవాళ్ల ఒంట్లో అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు. అంటే సోమవారం కలిస్తే శుక్రవారం విడుదలైన అండంతో గర్భం రావొచ్చు. శుక్రవారం మీరు ఇద్దరూ వేరే వేరే ఊళ్లలో ఉన్నా సరే. అందుకే ప్రమాదం ఉన్న రోజులు మొత్తం ఆరు, అండం విడుదలకు ముందు అయిదు రోజులు, విడుదలైన రోజు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది మహిళలను గమనించి 1995లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో, విడుదలకు అయిదు రోజుల ముందు కలిస్తే గర్భం వచ్చే అవకాశం సుమారు 10 శాతం ఉంటే, విడుదల రోజుకి వచ్చేసరికి సుమారు 33 శాతం తేలింది.

ఇప్పుడు ఆ 22 రోజుల సైకిల్ ఉన్న మనిషిని మళ్లీ చూడండి. పీరియడ్ నాలుగో రోజు, ఇంకా రక్తం పోతూనే ఉంది, "ఈరోజు ఏం కాదులే" అని కలిశారు. ఎనిమిదో రోజు అండం వచ్చింది. వీర్యకణాలు ఇంకా బతికే ఉన్నాయి. పీరియడ్స్‌లో కలిస్తే గర్భం రాదన్న మాట ఇక్కడ కూలిపోతుంది. అవకాశం తక్కువన్నది నిజమే, అసలు లేదన్నది తప్పు.

లెక్క వేయండి, చేత్తోనే

మీ ఆరు నెలల సైకిళ్లు 26, 31, 28, 29, 27, 33 అనుకోండి. అన్నిటికన్నా చిన్నదాంట్లోంచి 18 తీసేయండి, 26 లోంచి 18 పోతే 8. అన్నిటికన్నా పెద్దదాంట్లోంచి 11 తీసేయండి, 33 లోంచి 11 పోతే 22. అంటే ఎనిమిదో రోజు నుంచి 22వ రోజు దాకా ప్రమాదం ఉన్నట్టే లెక్క, మొత్తం 15 రోజులు. మొదటి ఏడు రోజుల్లో నాలుగైదు రోజులు ఎలాగూ రక్తస్రావంలోనే పోతాయి. ఇక "సేఫ్" అని మిగిలేవి ఎన్నో మీరే చూసుకోండి. సైకిళ్ల మధ్య ఏడు రోజుల తేడా ఉన్న ఈ మనిషి కూడా తనది రెగ్యులరేనని అనుకుంటూ ఉంటుంది, అదే సమస్య.

ఇంకో సులువు పద్ధతి ఉంది. సైకిల్ ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్యే ఉండేవాళ్లు ఎనిమిదో రోజు నుంచి 19వ రోజు దాకా కలవకుండా ఉండడమో, కండోమ్ వాడడమో చేయాలి. ఏడాదిలో రెండుసార్లు ఆ హద్దు దాటితే ఈ పద్ధతి మీకు పనికిరాదు. దీన్ని ఒక్క రోజు కూడా తప్పకుండా పాటించినా ఏడాదిలో 100 మందిలో అయిదుగురికి గర్భం వస్తుంది, మామూలుగా మనుషులు పాటించే తీరులో అయితే 12 మందికి.

ఈ లెక్కల మూలపురుషుల్లో ఒకరైన జపాన్ డాక్టర్ క్యుసాకు ఓగినో 1920ల్లో అండం విడుదల రోజును పీరియడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలని చెప్పాడు. గర్భం రాకుండా ఉండడానికి తన లెక్క మీద ఆధారపడడం ఆయనకే ఇష్టం లేదు. లోకం మాత్రం దానికే వాడుకుంది.

లెక్క ఎక్కడ తేడా కొడుతుందంటే

జ్వరం, నిద్ర లేకపోవడం, పరీక్షలు, ఉద్యోగంలో ఒత్తిడి, ఉన్నట్టుండి బరువు తగ్గడం, దూర ప్రయాణం, వీటిలో ఏది జరిగినా అండం విడుదల వెనక్కి జరగొచ్చు. పీరియడ్ వారం లేటుగా వచ్చిందంటే చాలాసార్లు దానర్థం అండమే వారం లేటుగా వచ్చిందని. ఆ వారమంతా మీరు "సేఫ్ డేస్ మొదలయ్యాయి" అనుకుని కలిసి ఉంటారు. ఎప్పుడో 18వ రోజు దాటిపోయింది, ఇక భయం లేదనుకున్న రోజునే అండం బయటికొచ్చి ఉంటుంది. ఇది తెలిసేదెప్పుడు? పీరియడ్ వచ్చాక, లేదంటే రాకపోయాక.

చాలా యాప్‌లు చేసేదీ ఇదే పని. మీరు ఇచ్చిన పాత డేట్ల సగటు తీసి, రంగు వేసి చూపిస్తాయి. ఆ రంగు చూడగానే డాక్టర్ చెప్పినట్టు అనిపిస్తుంది కానీ ఈ నెల మీ అండాశయంలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. డేట్ గుర్తు పెట్టుకోవడానికి వాడుకోండి, బాగుంటాయి.

పీసీఓడీ ఉన్నవాళ్లు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లు, ఈమధ్యే కాన్పు అయినవాళ్లు, గర్భనిరోధక మాత్రలు ఆపి రెండు మూడు నెలలు కూడా కానివాళ్లు, టీనేజ్ వాళ్లు, నలభై దాటి పీరియడ్స్ అటూ ఇటూ అవుతున్నవాళ్లు ఈ లెక్క జోలికే వెళ్లొద్దు. కాన్పు తర్వాత పీరియడ్ రాలేదు కదా అని ఊరుకోకండి, ఎందుకంటే మొదటి పీరియడ్ కంటే ముందే అండం రావొచ్చు. పాలిచ్చే తల్లికి రక్షణ ఉండాలంటే మూడూ కలవాలి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, పీరియడ్ మళ్లీ మొదలై ఉండకూడదు. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి చూసుకోవాల్సిందే.

ఒంట్లో కనిపించే గుర్తులు

లెక్క కంటే ఇవి నయం, ఎందుకంటే ఇవి ఈ నెల సంగతి చెప్తాయి. పీరియడ్ అయిపోయాక కొన్ని రోజులు కింద పొడిగా ఉంటుంది, తర్వాత చిక్కగా, జిగటగా తెల్లబట్ట వస్తుంది, అండం విడుదల దగ్గర పడేకొద్దీ అది పలచబడి, పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుతూ, రెండు వేళ్ల మధ్య పెట్టి లాగితే తెగకుండా సాగుతుంది. ఆ రోజుల్లో కలిస్తే గర్భం వచ్చే అవకాశం బాగా ఎక్కువ. సాగే జిగురు కనిపించినంతకాలం, అది పోయాక ఇంకో మూడు రోజులు, జాగ్రత్తగా ఉండాలి. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు తెల్లగా ముద్దలు, పచ్చ రంగు ఉంటే మాత్రం అది ఇన్ఫెక్షన్, డాక్టర్‌కి చూపించండి.

రెండో గుర్తు టెంపరేచర్. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే టైమ్‌కి నోట్లో థర్మామీటర్ పెట్టుకుని రాసుకోవాలి. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, పీరియడ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. వరసగా మూడు రోజులు పెరిగే ఉంటే ఆ నెలకు అండం కాలం ముగిసినట్టు. జ్వరం వచ్చినా, రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా ఈ లెక్క చెడుతుంది. ఇది అయిపోయిందని చెప్తుందే తప్ప రాబోతోందని చెప్పదు.

అండం విడుదలను పట్టిచ్చే మూత్రం కిట్లు కూడా దొరుకుతాయి. విడుదలకు ఒకటి ఒకటిన్నర రోజు ముందు గీత చూపిస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు బంగారం లాంటివి. వద్దనుకునేవాళ్లకు ఆలస్యం, ఎందుకంటే మూడు రోజుల క్రితం వెళ్లిన వీర్యకణాలు అప్పటికే లోపల ఉన్నాయి. పీసీఓడీ ఉంటే అండం రాకుండానే గీత పడొచ్చు కూడా.

మీకు ఏది సరిపోతుందో చూసుకోండి

ఏ పద్ధతీ లేకుండా ఏడాది పాటు కలుస్తూ ఉంటే 100 మంది ఆడవాళ్లలో సుమారు 85 మందికి గర్భం వస్తుంది. "బయట వదిలేయడం" మీద ఆధారపడితే 20 మందికి. చివరి క్షణంలో తప్పుకోలేకపోవడం ఒకటి, దానికి ముందు వచ్చే ద్రవంలో కూడా కొందరికి వీర్యకణాలు ఉండడం ఇంకొకటి. కండోమ్ మామూలుగా వాడేవాళ్లలో 13 మందికి, ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరికి. రోజూ మాత్రలు మామూలు వాడకంలో ఏడుగురికి, మూడు నెలలకోసారి వేసుకునే ఇంజెక్షన్ నలుగురికి. గర్భసంచిలో పెట్టే కాపర్ టీ వేయించుకుంటే ఒకరికన్నా తక్కువ, చేతిలో చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ అయితే వెయ్యి మందిలో ఒకరికి. తేడా ఎక్కడ వస్తోందో గమనించండి. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతుల్లోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. నాకైతే మతిమరుపు ఉన్నవాళ్లకు మాత్రల కంటే కాపర్ టీ లేదా ఇంప్లాంట్ మేలనిపిస్తుంది, ఇంకా పిల్లల్ని కననివాళ్లు కూడా వీటిని వాడొచ్చు.

మాత్రలు ఎంచుకుంటే ముందు డాక్టర్‌కి మీ సంగతులన్నీ చెప్పండి. కళ్ల ముందు వెలుగు గీతలు మెరిసి వచ్చే మైగ్రేన్, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, బీపీ, 35 దాటి సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకు రెండు హార్మోన్లు కలిపిన మాత్రలు పడవు. పీరియడ్ మొదలైన అయిదు రోజుల్లోపు ప్యాకెట్ మొదలుపెడితే అప్పటినుంచే పనిచేస్తుంది, ఆ తర్వాత మొదలుపెడితే ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఆ రోజు మాత్రతో కలిపి రెండైనా పర్వాలేదు. వరసగా రెండో, అంతకన్నా ఎక్కువో మరిచిపోతే చివరగా మరిచిపోయిన మాత్ర వెంటనే వేసుకుని, మిగతావి మామూలుగా కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడండి. మామూలు యాంటీబయాటిక్స్ వీటిని చెడగొట్టవు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే కార్బమాజెపైన్, ఫెనిటాయిన్ లాంటివి చెడగొడతాయి, కలిశాక గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్రలను కూడా. ఇంకో ముఖ్య విషయం, ఇలా రోజూ మాత్రలు వాడేవాళ్లకు సేఫ్ డేస్ అనే లెక్కే లేదు, మధ్యలో వచ్చే రక్తస్రావం అసలు పీరియడ్ కాదు, దాని నుంచి ఏదీ లెక్కపెట్టలేరు.

వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయించుకున్న మగవాళ్లు ఆ రోజు నుంచే సేఫ్ అనుకోవద్దు. సుమారు మూడు నెలల తర్వాత వీర్యం టెస్ట్ చేయించి, కణాలు లేవని చెప్పేదాకా వేరే పద్ధతి ఉండాల్సిందే.

పైన చెప్పినవాటిలో కండోమ్ తప్ప ఏదీ కలయిక వల్ల అంటుకునే వ్యాధులను ఆపదు. సేఫ్ డేస్ అసలే ఆపవు. హెచ్‌ఐవీకీ, సిఫిలిస్‌కీ మీ క్యాలెండర్‌తో పని లేదు.

కండోమ్ ఎలా వేసుకోవాలి

అందరికీ తెలుసనుకుంటారు, తెలిసినవాళ్లు తక్కువ. ముందు ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ డేట్ చూడండి. వేళ్లతో నొక్కితే లోపల గాలి ఉన్నట్టు మెత్తగా ఆడాలి, ఆడకపోతే ఎక్కడో చిల్లు పడింది, పారేయండి. నెలల తరబడి పర్సులో ఉన్నది, ఎండలో బండి డిక్కీలో ఉన్నది వాడొద్దు, వేడికీ రాపిడికీ రబ్బరు పాడవుతుంది. అంచు దగ్గర ఉన్న గంటు నుంచి వేళ్లతో చించండి. పళ్లతో, కత్తెరతో వద్దు.

అంగం గట్టిపడ్డాక, ఇద్దరి అంగాలూ తాకకముందే వేసుకోవాలి. మధ్యలో ఆగి వేసుకుంటాం అనేవాళ్లు బయట వదిలేసేవాళ్ల కోవలోకే వస్తారు. చుట్ట బయటివైపుకు ఉండేలా పట్టుకోండి, అప్పుడే కిందికి సులువుగా దిగుతుంది. కొనను బొటనవేలు, చూపుడువేలితో నొక్కి గాలి తీసేసి, ఆ కొంచెం జాగా వీర్యానికి వదిలి, రెండో చేత్తో మొదలు దాకా దించండి. గాలి ఉండిపోతే చిరిగే అవకాశం ఎక్కువ. తిరగేసి పెట్టి దిగకపోతే దాన్నే తిప్పి వేసుకోవద్దు, కొనకు అప్పటికే ద్రవం అంటి ఉంటుంది, ఇంకోటి తీయండి. ఒకదాని మీద ఒకటి రెండు వేస్తే రక్షణ రెట్టింపు కాదు, రాపిడికి రెండూ చిరుగుతాయి.

పొడిగా ఉంటే నీటితో తయారైన జెల్ గానీ సిలికాన్ జెల్ గానీ రాయండి. లేటెక్స్ కండోమ్‌కి వంటనూనె, ఒంటికి రాసుకునే నూనెలు, వ్యాజిలిన్, లోషన్ ఏవీ తగలకూడదు, నిమిషాల్లో బలహీనపడుతుంది. యోనిలో పెట్టుకునే కొన్ని ఫంగస్ క్రీములు కూడా ఇదే పని చేస్తాయి, ఆ మందు వాడుతున్నన్ని రోజులు కండోమ్‌ని నమ్మొద్దు. అయిపోయాక అంగం మెత్తబడకముందే, మొదలు దగ్గర కండోమ్‌ని వేళ్లతో పట్టుకుని బయటికి తీయాలి. ఇక్కడ చాలామంది బద్ధకిస్తారు, జారిపోయేది ఇక్కడే. ముడి వేసి చెత్తబుట్టలో వేయండి, కమోడ్‌లో కాదు. రబ్బరు పడనివాళ్లకు లేటెక్స్ లేనివి దొరుకుతాయి. ఆడవాళ్లు లోపల పెట్టుకునే కండోమ్ కూడా ఉంది, దాన్ని మగవాళ్ల కండోమ్‌తో కలిపి వాడకూడదు.

కండోమ్ వద్దని ఒకరు బతిమాలితే, రెండోవాళ్లు వద్దనొచ్చు, అక్కడితో ఆపేయొచ్చు కూడా. చెప్పకుండా మధ్యలో తీసేయడం మోసం, అవతలివాళ్లు దేనికి ఒప్పుకున్నారో అది కాదు మీరు చేస్తోంది.

చిరిగిపోతే, జారిపోతే, అసలు వాడకపోతే

అయిదు నిమిషాలు ఆందోళన పడండి, తర్వాత టైమ్ రాసుకోండి. లోపల నీళ్లతో కడగడం, లేచి గెంతడం, మూత్రానికి వెళ్లడం, వీటి వల్ల గర్భం ఆగదు. కడగడం వల్ల ఇన్ఫెక్షన్లే వస్తాయి.

ఎమర్జెన్సీ మాత్ర, అంటే లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేసుకోవాలి, 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాముల మాత్ర దొరికే చోట అది 120 గంటల దాకా పనిచేస్తుంది, బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు కూడా అదే నయం. ఈ రెండిటికన్నా నమ్మకమైంది అయిదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకోవడం, అది తర్వాత ఏళ్ల తరబడి ఉంటుంది. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి.

ఈ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం అపోహలు పోతాయి. ఇది అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అప్పటికే అండం వచ్చేసి ఉంటే పెద్దగా ప్రయోజనం లేదు. గర్భం నిలిచిపోయి ఉంటే దాన్ని తీయలేదు, ఏమీ చేయలేదు కూడా. వెనక్కి నెట్టిన అండం కొన్ని రోజుల తర్వాత వస్తుంది కాబట్టి, మాత్ర వేసుకున్నాం కదా అని మర్నాడు మళ్లీ కండోమ్ లేకుండా కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆ నెల మీ లెక్క మొత్తం చెదిరిపోయిందని అనుకోండి. యులిప్రిస్టల్ వేసుకుంటే అయిదు రోజులు ఆగాకే రోజూ మాత్రలు మొదలుపెట్టాలి. ఒక్కసారి వాడితే పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. నెలకు రెండు మూడుసార్లు అవసరం పడుతోందంటే మాత్రం మీకు రోజువారీ పద్ధతి కావాలి.

టెస్ట్ ఎప్పుడు చేయాలి

మర్నాడు కాదు. అండం గర్భసంచికి అంటుకోవడానికే విడుదల తర్వాత 6 నుంచి 12 రోజులు పడుతుంది, ఆ తర్వాతే టెస్ట్ కిట్ పట్టుకునే హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ మూత్రంలోకి వస్తుంది. డేట్ దాటిన రోజు నుంచి చేయొచ్చు. డేట్ ఎప్పుడో తెలియనివాళ్లు కలిసిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి చేయండి, ఆ రోజుకి వచ్చిన ఫలితం నమ్మొచ్చు. పొద్దున మొదటి మూత్రం, కిట్ మీద రాసిన టైమ్‌కే చూడడం, గంట తర్వాత కనిపించిన లేత గీతను పట్టించుకోకపోవడం, ఇంతే. చెప్పిన టైమ్‌లో పడ్డ గీత ఎంత లేతగా ఉన్నా అది పాజిటివే. ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాక పీరియడ్ వారం కన్నా ఎక్కువ లేటైతే టెస్ట్ తప్పనిసరి. రక్తం కనిపించింది కదా అని ఊరుకోవద్దు, గర్భం మొదట్లో కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది, మామూలుకన్నా చాలా తక్కువ వస్తే టెస్ట్ చేయండి. టెస్ట్ పాజిటివ్ వచ్చి, కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం కొన దగ్గర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే ఆస్పత్రికి, గర్భం ట్యూబ్‌లో ఉండి ఉండొచ్చు.

వ్యాధుల సంగతి

కండోమ్ లేకుండా కొత్త మనిషితో కలిసినా, కండోమ్ చిరిగినా గర్భం ఒక్కటే కాదు ఆలోచించాల్సింది. బలవంతం జరిగిన సందర్భంలో ఎమర్జెన్సీ మాత్రతో పాటు హెచ్‌ఐవీ నివారణ మందులు కూడా అడగాలి. హెచ్‌ఐవీ సోకిందేమో అన్న అనుమానం ఉంటే 72 గంటల లోపు ఆస్పత్రికి వెళ్లి నివారణ మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. గంటలు గడిచేకొద్దీ వాటి బలం తగ్గుతుంది.

టెస్టులకు కూడా ఒక టైమ్ ఉంది. క్లమీడియా, గనేరియాకి రెండు వారాలు. హెచ్‌ఐవీకి ల్యాబ్‌లో రక్తంతో చేసే కొత్త తరం టెస్ట్ 45 రోజులకు నమ్మొచ్చు, వేలి చుక్కతో చేసేవాటికి 90 రోజులు. సిఫిలిస్‌కి కూడా 90 రోజుల దాకా ఆగి ఇంకోసారి చూడాలి. పుండు, స్రావం, మంట ఏమీ లేవు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు, క్లమీడియా చాలామందిలో చడీచప్పుడు లేకుండా ఉండి, ఆడవాళ్లలో ట్యూబులు మూసుకుపోయేదాకా తీసుకెళ్తుంది. నోటితో చేసినా గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ అంటుకుంటాయి. హెచ్‌పీవీ (పులిపిర్లు, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్), హెర్పిస్ చర్మం నుంచి చర్మానికి పాకుతాయి కాబట్టి కండోమ్ వాటిని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. హెచ్‌పీవీకి, హెపటైటిస్ బీకి టీకాలున్నాయి, మగవాళ్లకు కూడా.

పాజిటివ్ వస్తే భాగస్వామికి చెప్పాలి, క్లమీడియా, గనేరియా లాంటివైతే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకోవచ్చు. క్లమీడియా, గనేరియాలకు ఒక్క డోసు మందు ఇస్తే వేసుకున్నాక ఏడు రోజులు, కోర్సు ఇస్తే అది పూర్తయ్యేదాకా కలవకుండా ఉండండి. మూడు నెలలకు ఇంకోసారి టెస్ట్ చేయించుకోండి, మందు పనిచేయలేదేమోనన్న అనుమానంతో కాదు, తిరిగి అంటుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి.